హన్మకొండలో ఉంటూ చేసే వెబ్ డెవలపర్ ఉద్యోగం ఎలా వెతకాలి?

అన్నలూ, అక్కలూ, కొంచెం దారి చూపండి. వెబ్‌సైట్లు తయారుచేసే రియాక్ట్, నోడ్ టూల్స్ మీద నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. నాన్నకు పక్షవాతం వచ్చింది, అమ్మ ఒక్కతే చూసుకోలేదు, అందుకే హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను.

లింక్డ్‌ఇన్, నౌకరీ సైట్లలో రిమోట్ (ఇంటి నుంచే పని) అని పెట్టినవాటికే అప్లై చేస్తున్నా. మూడు రౌండ్లు అయ్యాక, తీరా జీతం మాట్లాడే రోజు హెచ్‌ఆర్ ఫోన్ చేసి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలంటారు. ఒక కంపెనీ అయితే నేను నాలుగు రాత్రులు కూర్చుని చేసిన టాస్క్ తీసుకున్నాక ఈ మాట చెప్పింది, చాలా బాధేసింది. కాజీపేటలో రైలెక్కి పొద్దున పోయి రాత్రి రావడం, మళ్లీ నాన్న ఫిజియోథెరపీ, రెండూ నావల్ల కావు.

మొదటి ఫోన్‌లోనే ఏం అడిగితే అసలు సంగతి తెలుస్తుంది? మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ వెబ్ పనికి ఎవరిని కలవాలో చెప్పండి.

అమెరికా వాళ్లకు కాంట్రాక్ట్ మీద చేయడానికీ సిద్ధమే. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30, నాన్న పడుకున్నాక పని చేసుకోవచ్చు. కానీ డబ్బులు ఆగకుండా ఉండాలంటే ముందే ఏం రాయించుకోవాలి? చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.