డబ్బు తీసుకుని మన ఇష్టమొచ్చినోళ్లకి ఓటేస్తే తప్పేంది?

కొర్లగుంట కుర్రోడు:
టీ అంగడి కాడ తెగని వాదన, ఇక్కడ పెడతాండా. ఎలక్షన్లప్పుడు రెండు పార్టీలోళ్లు ఇచ్చే డబ్బులు తీసుకో, లోపలికి పోయినాక నీ మనసుకు నచ్చినోడికి నొక్కు అని మా వీధిలో పెద్దోళ్లు చెప్తారు. నా మటుకు తీసుకోవడమే తప్పు. మీరేమంటారు?

పాకాల రైతు:
తమ్ముడూ, నెల తిరిగేసరికి జీతం పడేవాళ్లకి ఈ మాట సులభం. 2025లో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు ఇస్తామన్నారు, గేట్ల ముందర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడిపోయినాయి, కాయ బండిలోనే మాగిపోయింది. అప్పుడు రాని నాయకుడు ఓటప్పుడు గడప తొక్కి రెండు వేలు పెడితే, అది మా సొమ్మే అనుకుని తీసుకుంటాం. ఓటు మాత్రం అమ్ముకోం.

చంద్రగిరి అక్క:
అన్నా, అమ్ముకోం అని మీరంటారు సరే, ఆ ఇచ్చేవాళ్లు ఊరికే పెట్టి పోతారా? మా వీధిలో చూసిందే చెప్తాండా. రాత్రి పది దాటినాక ఓటర్ల లిస్టు పట్టుకుని వస్తారు, ఇంట్లో ఎన్ని ఓట్లో చూసి పేరు పక్కన పెన్నుతో టిక్కు పెడతారు, ఆపైన జేబులోంచి స్వామి పటం తీసి దీని మీద చెయ్యి పెట్టమ్మా అంటారు. కాణిపాకంలో అబద్ధం ప్రమాణం చేస్తే సర్వనాశనమైపోతామని నమ్మే జిల్లా మనది. చదువుకున్నోళ్లు ఒట్టు తీసి గట్టున పెడతారు, మా అవ్వలాంటోళ్లు పెట్టలేరు. ఒకసారి చెయ్యి పెట్టిందా, బూత్ లోపల గూడా ఆ పటమే గుర్తొస్తాది ఆమెకి.

కొర్లగుంట కుర్రోడు:
అక్క మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో లెక్క చూడండి. మన రాష్ట్రంలో అసెంబ్లీ క్యాండిడేట్ ఖర్చు పెట్టాల్సింది 40 లక్షలకి మించకూడదు. మనిషికి రెండు వేలు చొప్పున పంచితే ఆ 40 లక్షలు రెండు వేల మందికే సరి. లక్ష మందికి పంచాలంటే 20 కోట్లు కావాల. అంత పెట్టగలిగినోడెవరు, కాంట్రాక్టులోడు, భూముల యాపారం చేసేవోడు. నిజాయితీగా పనిచేసే టీచరో, లాయరో, పాకాల అన్నలాంటి రైతో నామినేషన్ వేద్దామన్నా ధైర్యం చాలదు. మనం తీసుకుని వేరేవాళ్లకి వేసినా ఈ రేటు తగ్గదు, ఎందుకంటే ఆ వేరేవాడు గూడా పంచినోడే గదా. చట్టం సంగతికొస్తే భారతీయ న్యాయ సంహితలో ఓటు కోసం ఇచ్చినోడికే కాదు, పుచ్చుకున్నోడికి గూడా ఏడాది దాకా జైలు ఉండాది. పెద్దోళ్లకీ తప్పించుకునే దారి లేదు, సభలో ఓటుకి లంచం తీసుకున్న ఎమ్మెల్యే, ఎంపీకి గూడా రక్షణ లేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ తేల్చేసింది.

రేణిగుంట మిత్రుడు:
ఓటు ఒక్కటేనా? పట్టా పేరు మార్చడానికి పోతే ఆఫీసులో చెయ్యి చాపుతారు, పని ఆగిపోతాదని ఇచ్చేస్తాం. 2018 నుంచి లంచం ఇచ్చినోడు గూడా నేరస్తుడే. అయితే బలవంతం మీద ఇచ్చుంటే ఏడు రోజుల్లోపల చెప్పుకుంటే మన మీద కేసు ఉండదు. ఏసీబీ నంబరు 1064. ఇవ్వకముందే ఫోన్ చేస్తే ఇంకా మేలు.

పాకాల రైతు:
లెక్క ఒప్పుకుంటా తమ్ముడూ, 20 కోట్ల సంగతి నేనెప్పుడూ ఇట్లా ఆలోచించలా. కానీ పల్లెలో ఒక్కడే వద్దంటే వీడు అవతల పార్టీవోడు అని ముద్ర వేస్తారు. కౌంటింగ్ అయినాక బూత్ వారీగా ఓట్లు బయటికొస్తాయి, తర్వాత మా వీధికి నీళ్ల పైపు రాదు. దానికేం చెప్తావు?

చంద్రగిరి అక్క:
ఆ భయం ఉత్తది కాదన్నా. బూత్ లెక్క తెలుస్తాది, కానీ ఎవరు దేనికి నొక్కినారో ఎవరికీ తెలీదు, ఎవరికి నొక్కినామో చూపించే వీవీప్యాట్ మిషన్ చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతాది. ముద్ర పడకూడదంటే ఒక్కరే నిలబడొద్దు. మా సంఘంలో ఆడోళ్లమంతా ముందే అనుకుని రెండు పార్టీలోళ్లకీ వద్దని ఒకే మాట చెప్పినాం, అది గూడా పట్టపగలు, నలుగురి ముందర. ఒకాయన మొహం మాడ్చుకున్నాడు, అంతే. మీ వీధిలో గూడా ముందు ఆడోళ్లతో మాట్లాడి చూడండి, పటం మీద చెయ్యి పెట్టమనేది ఎక్కువగా వాళ్లనే గదా.