34 కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో స్క్రిప్ట్‌తో తీయాలి, కాటా ఆగకుండా

కాటాగది (చీమకుర్తి):

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు, మా సారు ఇంట్లో వైఫై, అన్నీ నేనే చూడాలి. ఆఫీసు, బ్లాకుల్ని స్లాబులుగా కోసే గ్యాంగ్‌సా షెడ్డు, లారీలు తూచే కాటా గది కలిపి 34 కంప్యూటర్లు. తెలిసినవాళ్ళెవరికో దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని నోటీసు వచ్చిందంట. అది విన్నప్పటి నుంచి సారుకు టెన్షన్. సోమవారానికల్లా ఏ సిస్టంలో ఏముందో కాగితం మీద కావాలన్నారు.

ఒక్కోదాని ముందు కూర్చుని రాసుకుంటే తెమలదని స్క్రిప్ట్ రాశాను. సిస్టంలో ఏ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో అడిగే పాత కమాండే, డబ్ల్యూఎంఐసీ ప్రొడక్ట్ గెట్ నేమ్. దాన్ని ఒక బ్యాట్ ఫైల్లో పెట్టి, శనివారం పదకొండింటికి అన్ని సిస్టంలలో ఒకేసారి నడిచేట్టు టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. పది నిమిషాలకు కాటా గది నుంచి ఫోన్. బ్లాకు ఎక్కించుకున్న లారీ కాటా మీద నిలబడి ఉంది, బరువు పడింది గానీ స్లిప్పు రావడం లేదు. వెళ్ళి చూస్తే స్క్రీన్ మధ్యలో ఏదో ఇన్‌స్టాల్ అవుతున్నట్టు చిన్న పెట్టె, అందులో గీత సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంది. నేను ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యలేదు సామీ! వెనక ఇంకో మూడు లారీలు. ఆ డ్రైవర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పోనీ, అంత జరిగాక వచ్చిన జాబితా అయినా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. మా దగ్గర ప్రతి సిస్టంలోనూ విన్‌రార్ ఉంది, 40 రోజుల ట్రయల్ అయిపోయి ఏళ్ళయింది. సారు భయమే దాని గురించి. జాబితాలో ఒక్కచోట కూడా దాని పేరు లేదు. కొత్తగా కొన్న మూడు ల్యాప్‌టాప్‌లయితే అసలు ఆ కమాండే తెలియదన్నాయి.

తప్పెక్కడ జరిగింది? ఫోన్లో టైప్ చేస్తున్నా, కమాండ్లు కూడా తెలుగులోనే రాస్తున్నందుకు ఏమనుకోవద్దు.

కావలి కుర్రోడు:

అన్నా, లారీ ఆగింది ఆ ప్రొడక్ట్ అనే మాట వల్లే. పేరుకు అది జాబితా ఇచ్చే కమాండ్, లోపల చేసే పని వేరు. ఎంఎస్ఐ పద్ధతిలో, అంటే విండోస్ సొంత ఇన్‌స్టాలర్ ద్వారా పడిన ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ విండోస్ ఇన్‌స్టాలర్ చేత తనిఖీ చేయిస్తుంది. ఏదన్నా తేడా కనిపిస్తే అడక్కుండానే బాగుచెయ్యడం మొదలుపెడుతుంది. నువ్వు చూసిన పెట్టె అదే. కాటా సిస్టంలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్ లాగ్ చూడు, ఎంఎస్ఐఇన్‌స్టాలర్ పేరుతో 1035 నంబరువి వరసగా కనిపిస్తాయి.

విన్‌రార్ ఎందుకు రాలేదంటే అది ఎంఎస్ఐ కాదు, దాని ఇన్‌స్టాలర్ దానిదే. ఇక డబ్ల్యూఎంఐసీని మైక్రోసాఫ్ట్ పక్కన పెట్టేసింది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మామూలుగా రాదు, మనం విడిగా వేసుకోవాలి.

దాని బదులు రిజిస్ట్రీ చదువు, విండోస్ తన సెట్టింగులూ పడిన సాఫ్ట్‌వేర్ల పేర్లూ దాచుకునే చోటు అది. పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు కొట్టే చోటు) గెట్-ఐటమ్‌ప్రాపర్టీతో హెచ్‌కేఎల్‌ఎం (రిజిస్ట్రీలో కంప్యూటర్ మొత్తానికి చెందిన భాగం), సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్, దాని కింద స్టార్. 32 బిట్ సాఫ్ట్‌వేర్లు విడిగా ఉంటాయి, సాఫ్ట్‌వేర్ తర్వాత వావ్6432నోడ్ పెట్టి అదే దారి. రెండూ చదవాలి, చాలామంది రెండోది మర్చిపోతారు. డిస్‌ప్లేనేమ్ ఖాళీగా ఉన్నవీ, సిస్టమ్‌కాంపోనెంట్ 1 అని ఉన్నవీ వదిలెయ్. సెకన్లలో అయిపోతుంది, దేన్నీ కదిలించదు.

పొగతోట సర్వీస్ (నెల్లూరు):

దీనికింత పురాణం దేనికి తమ్ముడూ, మైక్రోసాఫ్ట్ వాళ్ళదే వింగెట్ ఉందిగా, వింగెట్ లిస్ట్ అని కొడితే జాబితా వచ్చేస్తుంది, సరిపోదా?

కావలి కుర్రోడు:

ఇంట్లో ఒక కంప్యూటర్‌కైతే సరిపోద్ది అన్నా. అది విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచే పనిచేస్తుంది. కాటా గదుల్లో ఎంత పాత విండోస్ ఉంటుందో మీకు తెలియంది కాదు.

రాత్రిడ్యూటీ:

ఒకటి చూసుకోండి. టాస్క్ షెడ్యూలర్‌లో ఆ పనిని సిస్టమ్ అకౌంట్ మీద పెట్టి ఉంటే, హెచ్‌కేసీయూ (రిజిస్ట్రీలో ఒక్కో మనిషి ఖాతాకు చెందిన భాగం) అని చదివింది ఆ సిస్టమ్ అకౌంట్‌ది అవుతుంది, సీట్లో కూర్చున్న మనిషిది కాదు. టెలిగ్రామ్ డెస్క్‌టాప్ లాంటివి ఆ మనిషి ఖాతాలోనే పడతాయి, హెచ్‌కేఎల్‌ఎంలో ఎంత వెతికినా దొరకవు. హెచ్‌కే యూజర్స్ కింద చూడొచ్చు గానీ అక్కడ కూడా అప్పటికి లాగిన్ అయి ఉన్నవాళ్ళవే కనిపిస్తాయి. తేలిక దారి, స్క్రిప్ట్‌ను లాగాన్ స్క్రిప్ట్‌గా, అంటే లాగిన్ అవగానే నడిచేట్టు పెట్టడం. పొద్దున ఎవరు కంప్యూటర్ తెరిస్తే వాళ్ళ పేరు మీదే నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించుకున్నవి కావాలంటే గెట్-ఏపీపీఎక్స్‌ప్యాకేజ్ విడిగా అడగాలి.

జమాఖర్చులు (ఒంగోలు):

నాకు స్క్రిప్టులు రావు, పద్దులు చూసేవాణ్ణి. ఒక మాట. జాబితాలో పేరుండటం వేరు, దానికి బిల్లుండటం వేరు. ఏ స్క్రిప్టూ కొన్నదా కొట్టేసిందా చెప్పదు. కాపీరైట్ చట్టం 1957లో 63బీ సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మీ సారు టెన్షన్‌లో తప్పులేదు. స్క్రిప్ట్ తీసిన జాబితా పక్కన ఇంకో గడి పెట్టి, కొనుగోలు బిల్లు నంబరు రాయించండి. ఆ గడి ఖాళీగా ఉన్నవాటి గురించే మాట్లాడుకోవాలి.

కాటాగది (చీమకుర్తి):

బతికించారు అందరూ. ఆదివారం కూర్చుని మళ్ళీ రాశాను. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా 31 సిస్టంలు వచ్చేశాయి, విన్‌రార్ 31లోనూ కనిపించింది. బిల్లు గడి కూడా పెట్టాను సార్, దాన్ని చూసి మా అకౌంట్స్ మేడమ్ నాతో మాట్లాడటం మానేశారు.

రెండు చోట్ల దెబ్బ తిన్నాను. ఏ కంప్యూటర్ ఎక్కడిదో తెలియాలని "కాటా గది", "షెడ్డు", "సారు గది" అని తెలుగులో ఒక గడి పెట్టుకున్నా. ఎక్సెల్లో తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే, సారు గది కూడా ప్రశ్నార్థకమే. జాబితాను ఫైల్లో రాసే ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీకి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని చెప్పకపోతే పవర్‌షెల్ 5.1లో ఆస్కీలో రాస్తుందంట, అందులో తెలుగు అక్షరాలు పట్టవు. చెప్పాక సరిగ్గా వచ్చింది.

రెండోది కాటా సిస్టం. విండోస్ 7, పవర్‌షెల్ 2. ఉన్న ఫైల్ చివర చేర్చమనే అపెండ్ అంటే ఏందో దానికి తెలియదు, ఎర్ర అక్షరాలతో మొహాన కొట్టింది. అందుకని అన్నీ ఒకే ఫైల్లో చేర్చడం మానేసి, ఒక్కో కంప్యూటర్‌కు దాని పేరుతోనే ఒక ఫైల్ పెట్టాను. తర్వాత కలుపుకున్నా. ఇదే మొదట చెయ్యాల్సింది, అందరూ ఒకే ఫైల్ మీద పడి ఒకరిది ఒకరు చెరుపుకునే గొడవ కూడా పోయింది. కాటా దగ్గర ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనాలు, లారీ రాదు. అప్పుడే నడిపాను, భయంతోనే.

షెడ్డులో స్లాబుల కొలతలు లెక్కేసే ప్రోగ్రాం మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ తెచ్చి డీ డ్రైవ్‌లో పడేసి పోయారు, ఇన్‌స్టాలే చెయ్యలేదు. డ్రైవులన్నీ వెతికి ఈఎక్స్‌ఈ ఫైళ్ళ జాబితా తీస్తే దొరికింది.

ఇప్పుడు తిరకాసు ఇంకోటి. కొన్ని సిస్టంలలో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ పేరు వస్తోంది, వెళ్ళి చూస్తే సాఫ్ట్‌వేర్ లేదు. ఫోల్డర్ డిలీట్ చేసి తీసేశామనుకున్నారు, రిజిస్ట్రీలో పేరు అట్టనే మిగిలింది. నిజంగా ఉన్నవేవో, పేరు మాత్రమే మిగిలినవేవో స్క్రిప్ట్‌తోనే తేల్చాలంటే ఎట్టా?

రాత్రిడ్యూటీ:

రిజిస్ట్రీలో ఆ సాఫ్ట్‌వేర్ పేరు పక్కనే ఇన్‌స్టాల్‌లొకేషన్ ఉంటుంది, అందులోని దారిని టెస్ట్-పాత్‌కు ఇవ్వండి, ఆ చోటు నిజంగా ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్ అంటుంది. చాలావాటికి అది ఖాళీగా ఉంటుంది, అప్పుడు డిస్‌ప్లేఐకాన్ చూడండి. అందులో ఎక్కువగా ఈఎక్స్‌ఈ దారి ఉంటుంది, కాకపోతే చాలాసార్లు చివర కామా, సున్నా తగిలించి ఉంటాయి. అవి కత్తిరించి ఇవ్వాలి.

కాటాగది (చీమకుర్తి):

కామా సున్నా! గంట నుంచి డిస్‌ప్లేఐకాన్‌తోనే కొట్టుకుంటున్నా. అన్నీ ఫాల్స్ అని వస్తుంటే ఆఫీసులో సాఫ్ట్‌వేర్లన్నీ ఎవరో రాత్రికి రాత్రి పీకేశారనుకున్నా.