అప్‌డేట్: కార్ డీలర్‌షిప్ ఉద్యోగాల అంకెలు ఎందుకు మారాయో తెలిసింది

అమెరికాలో ఒక రాష్ట్రంలో కార్ డీలర్‌షిప్‌లు, విడిభాగాల షాపుల ఉద్యోగాలను నెలనెలా గమనిస్తుంటే, నేను దాచుకున్న పాత అంకెలు కొత్తవాటితో కలవడం లేదని అడిగాను కదా. కారణం దొరికింది. కార్మిక గణాంకాల బ్యూరో నెలవారీ అంకెలను సర్వేతో అంచనా వేసి, ఏడాదికోసారి నిరుద్యోగ బీమా పన్ను రికార్డులతో సరిచేస్తుంది. అప్పుడు వెనకటి నెలలూ మారతాయి. నేను రెండు వెర్షన్లనూ కలిపేశాను, తప్పు నాదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. నేను చూసే ఈ అంకెలు 441 కోడ్‌వి (వ్యాపారాలను రకాలవారీగా విడదీసే NAICS అనే వర్గీకరణలోని నంబర్). ఇందులో బైకులు, పడవలు అమ్మేవాళ్లూ ఉంటారు. డీలర్‌షిప్‌లో పనిచేసే మెకానిక్ ఇందులోకే వస్తాడు. విడిగా ఉండే రిపేర్ షాపు మెకానిక్ మాత్రం 8111 అనే రిపేర్ల కోడ్‌లోకి వెళ్తాడు. ఇది తెలియక చాలా టెన్షన్ పడ్డాను.

మొత్తం సిరీస్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, గ్రాఫ్ సరిగ్గా వచ్చింది. దారి చూపినవాళ్లందరికీ థాంక్స్.