ఇంట్లో స్పీకర్లు కట్టుకోవడం: రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు చాలదా?

కొత్త_చెక్క:
అందరికీ నమస్తే. ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సొంతంగా చేసుకుందామని మొదలుపెట్టా. ఆరున్నర అంగుళాల వూఫర్లు (బాస్‌కి), ఒక అంగుళం డోమ్ ట్వీటర్లు (పై స్వరాలకి) ఇప్పటికే చేతిలో ఉన్నాయి. వూఫర్ డేటాషీట్‌లో ఎఫ్ఎస్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, అంటే రెజోనెన్స్) 40 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె) 0.38, వీఏఎస్ (కోన్ సస్పెన్షన్ ఎంత మెత్తనో గాలి పరిమాణంలో చెప్పే అంకె) 20 లీటర్లు, సెన్సిటివిటీ (అదే పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో) 87 డీబీ అని ఉంది. ట్వీటర్ 91 డీబీ, రెండూ 8 ఓమ్‌లే. వడ్రంగం కాస్త వచ్చు కాబట్టి 18 మి.మీ. ఎండీఎఫ్‌తో (చెక్క పీచుతో చేసిన పలక) పెట్టెలు నేనే కోసుకుంటా. క్రాసోవర్ (బాస్‌ను వూఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు విడదీసి పంపే సర్క్యూట్) మాత్రం "8 ఓమ్, 3000 హెర్ట్జ్" అని రాసి అమ్ముతారే, ఆ బోర్డు తెచ్చి తగిలించేద్దామని ఆలోచన. పని జరుగుతుందా? ఇంకో డౌట్: సీల్డ్ (పూర్తిగా మూసిన పెట్టె) మేలా, పోర్టెడ్ (గాలి పైపు ఉన్న పెట్టె) మేలా?

డోమ్_పిచ్చి:
పాట వస్తుంది, కానీ మీరు అడిగేది మంచి స్పీకర్ గురించి కదా, దానికి ఆ బోర్డు పనికిరాదు. 8 ఓమ్ అనేది పేరుకే. మీ వూఫర్ రెజోనెన్స్ దగ్గర 30 ఓమ్‌లు దాటొచ్చు, తర్వాత 6, 7కి దిగి, పైకి పోయేకొద్దీ వాయిస్ కాయిల్ (కోన్‌ను ఊపే తీగ చుట్ట) ఇండక్టెన్స్ వల్ల మళ్లీ ఎక్కుతుంది. బోర్డు చేసినవాడు 8 ఓమ్ రెసిస్టర్‌ను ఊహించుకుని లెక్క కట్టాడు, మీ డ్రైవర్లను (అంటే వూఫర్, ట్వీటర్‌లను) చూసి కాదు.

సెన్సిటివిటీ చూడండి. కాగితం మీద ట్వీటర్ 4 డీబీ ఎక్కువ. దీనికి తోడు బాఫిల్ స్టెప్. ముందు పలక 22 సెం.మీ. వెడల్పు ఉంటే సుమారు 500 హెర్ట్జ్ కింద ధ్వని పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది, ఎదురుగా వినేవాడికి బాస్ పలచబడుతుంది. లెక్క ప్రకారం 6 డీబీ దాకా, గోడ దగ్గర పెడితే కొంత తిరిగొస్తుంది. ఇదేదీ పట్టించుకోకుండా బోర్డు తగిలిస్తే గాయకుడి ప్రతి "స" చెవిలో గుచ్చుతుంది. అందరూ డ్రైవర్లను తిట్టేది ఇక్కడే, పాపం వాటి తప్పేం లేదు.

పైగా 3000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 11 సెం.మీ. చిల్లర. వూఫర్‌లో ధ్వని పుట్టే చోటు ట్వీటర్ కంటే 2 సెం.మీ. వెనక ఉన్నా ఫేజ్‌లో (రెండు అలలు కలిసి నడిచే తీరులో) 60 డిగ్రీల పైనే తేడా. ఆ తేడా బోర్డుకెలా తెలుస్తుంది?

ఎండీఎఫ్_పొట్టు:
పెట్టె సంగతి నేను చెప్తా. మీ అంకెలతో సీల్డ్‌లో క్యూటీసీ (పెట్టెలో బిగించాక క్యూటీఎస్ మారి వచ్చే అంకె) 0.707 కావాలంటే 8 లీటర్లు చాలు, కానీ బాస్ 74 హెర్ట్జ్ దగ్గరే జారడం మొదలవుతుంది. పోర్టెడ్ అయితే 19 లీటర్లు, 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తే దాదాపు అక్కడిదాకా దిగుతుంది. 5 సెం.మీ. పైపుకి 16 సెం.మీ. పొడవు వస్తుంది. కొంచెం పొడుగ్గానే కోసి, ఇంపీడెన్స్ (ఆ ఓమ్‌ల విలువ) కొలుచుకుంటూ తగ్గించండి. లీటర్లంటే లోపలి ఖాళీ. పైపు, బ్రేసింగ్ (లోపల బిగించే అడ్డ పట్టీలు), డ్రైవర్ వెనక భాగం ఆక్రమించేది అదనంగా కలపాలి. సబ్‌వూఫర్ పెట్టే ఉద్దేశం ఉంటే మాత్రం సీల్డే హాయి.

ఎండీఎఫ్ కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొత్త_చెక్క:
అమ్మో, ఇంతుందా! అంటే నా డ్రైవర్లను మైక్‌తో కొలవాలన్నమాట. మైక్ కొనకుండా, కొలతల గొడవ లేకుండా దారే లేదా అన్నా?

డోమ్_పిచ్చి:
ఉంది. ఎవరో కొలిచి, ప్లాన్ మొత్తం బయట పెట్టిన డిజైన్‌ను యథాతథంగా కట్టడం. అవే డ్రైవర్లు, అదే పలక వెడల్పు, ట్వీటర్ అదే ఎత్తులో. "చిన్న మార్పే కదా" అని పలక 5 సెం.మీ. పెంచితే ఆ క్రాసోవర్ మీ పెట్టెకు సరిపోకుండా పోతుంది.

నిశ్శబ్దం_కాదు:
డ్రైవర్లు ఆల్రెడీ కొనేశారు కాబట్టి నేనైతే కొలవమనే అంటా. కాలిబ్రేషన్ ఫైలుతో (మైక్ సొంత లోపాలను సరిదిద్దే ఫైలు) వచ్చే యూఎస్‌బీ మైక్ ఒకటి, కొలవడానికి ఆర్ఈడబ్ల్యూ, క్రాసోవర్ డిజైన్‌కు విటుయిక్స్‌క్యాడ్ అనే సాఫ్ట్‌వేర్లు, ఆ రెండూ ఉచితమే. ఫేజ్ కోసం రెండు డ్రైవర్లనూ మైక్ కదపకుండా కొలవాలి, ఆర్ఈడబ్ల్యూలో అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ (రెండు కొలతల సమయాన్నీ ఒకే ఆధారంతో పోల్చే సెట్టింగ్) ఆన్ చేసుకోవాలి. పెట్టె ముందు కట్టండి, డ్రైవర్లు బిగించాకే కొలత. ట్వీటర్ నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో, మైక్ 1 మీటరు దూరంలో ఉంటే నేల మీద తగిలి వచ్చే ధ్వని సుమారు 4.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అక్కడ గేట్ వేస్తే (ఆ తర్వాతి ధ్వనిని కత్తిరిస్తే) గది ప్రభావం పోతుంది, కాకపోతే 215 హెర్ట్జ్ కింద ఆ గ్రాఫ్‌ను నమ్మకూడదు. ఆ కింది భాగానికి (బాస్‌కి) మైక్‌ను కోన్‌కు దాదాపు ఆనించినట్టు పెట్టి విడిగా కొలిచి, పోర్ట్ దగ్గర ఇంకోసారి కొలిచి కలుపుకోవాలి. ట్వీటర్‌కు స్వీప్ (కింది నుంచి పై స్వరాల దాకా పోయే టెస్ట్ ధ్వని) పంపేటప్పుడు సిరీస్‌లో ఒక కెపాసిటర్ ఉంచండి, యాంప్ ఒక్కసారి టప్‌మన్నా కాయిల్ పోతుంది.

లింక్‌విట్జ్-రైలీ (క్రాసోవర్ ఫిల్టర్లలో ఒక రకం) 24 డీబీ వాలుకు (ఒక్కో ఆక్టేవ్‌కు అంత తగ్గేలా) గురిపెట్టండి. క్రాసోవర్ కట్టాక ట్వీటర్ వైర్లు (ప్లస్, మైనస్) తిప్పి మళ్లీ కొలవండి: కలిసే చోట లోతైన గుంట పడితే రెండూ ఒకే ఫేజ్‌లో ఉన్నట్టు, లోతు లేకుండా పడితే సవరణ మిగిలే ఉన్నట్టు. ఆ తర్వాత వైర్లు మామూలుగా పెట్టేయండి. ఇంకొకటి, బోర్డు మీద రెండు కాయిల్స్‌ను పక్కపక్కనే ఒకే దిశలో పడుకోబెట్టకండి, ఒకదాన్ని లంబంగా తిప్పి దూరంగా బిగించండి, లేకపోతే ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదాంట్లోకి దూరుతుంది.