మిర్చి లోడు తిరిగే పికప్‌కి ఎక్కువ రోజులు మన్నే టైర్లు ఏవి?

నల్లపాడు పికప్:

అందరికీ నమస్కారం. మాది 1.7 టన్నుల పికప్, కొని నాలుగేళ్ళవుతోంది. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి కిరాయిలే. సత్తెనపల్లి, ఫిరంగిపురం వైపు ఊళ్ళ నుంచి గుంటూరు యార్డుకి, యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకి. సీజన్ అయిపోయాక ఏ లోడు దొరికితే అది. సిమెంటు, పేరేచర్ల క్రషర్ల నుంచి చిప్స్, అప్పుడప్పుడు బెజవాడకి ఇనుప సామాను.

బండితో వచ్చిన టైర్లు 48 వేల కిలోమీటర్లు నడిచాయి. తర్వాత వేయించినవి నాలుగూ 22 వేలకే అయిపోయాయి. వాటిలో వెనక ఎడమది మొన్న కాజా టోల్‌గేట్ దాటాక పగిలింది. మధ్యాహ్నం రెండు గంటలకి, నిండా లోడుతో. బండి అటూ ఇటూ ఊగింది గానీ రోడ్డు దిగలేదు, అదృష్టం. సగం టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి, జాకీ పెట్టి స్టెప్నీ ఎక్కించి, మళ్ళీ లోడు చేసేసరికి చీకటి పడింది. హమాలీల ఖర్చు వేరే.

సైజు 7.00 ఆర్ 15, 12 పీఆర్, ట్యూబ్ టైరు. ఒకరు నైలాన్ వెయ్యమంటారు, ఒకరు రేడియలే అంటారు, మా బావమరిది ట్యూబ్‌లెస్‌కి మార్చెయ్యమంటాడు. ఏ కంపెనీవి వేయిస్తే మూడేళ్ళు మళ్ళీ చూసుకోనక్కర్లేదో చెప్పండి. సీజన్ మొదలైంది, ఈ వారంలోనే కొనాలి.

బెజవాడ కూరగాయలు:

ఎమ్మారెఫ్ కళ్ళు మూసుకుని వేసెయ్ అన్నా. మా బండికి అవే, రెండో మాట లేదు.

ఆటోనగర్ బాబాయ్:

కళ్ళు మూసుకుని కొన్నందుకే కదయ్యా 22 వేల కిలోమీటర్లకే అయిపోయాయి. తమ్ముడూ, నేను ఆటోనగర్‌లో 26 ఏళ్ళు టైర్ల పనే చేశాను. కొత్తవి తర్వాత చూద్దాం. ముందు పాతవి ఎలా అరిగాయో చెప్పు. పగిలినదాన్ని పారేశావా, ఉందా? ఉంటే దాని లోపలి గోడ చూడు. మిగిలిన మూడింటి మీదా అరచేయి అడ్డంగా రుద్ది చూడు, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి. గాలి ఎంత పెట్టిస్తున్నావు? ఎన్ని టిక్కీలు వేస్తున్నావు? దాచకుండా చెప్పు, ఇక్కడ ఆర్టీవో ఎవరూ లేరు.

నల్లపాడు పికప్:

బాబాయ్, పగిలింది ఇంట్లోనే ఉంది. లోపల గోడ చుట్టూ నల్లగా చారలా కాలినట్టుంది, చెయ్యి పెడితే రబ్బరు పొడి రాలుతోంది. వెనక కుడిదానికి రెండు అంచులూ అరిగిపోయాయి, మధ్యలో మాత్రం బటన్ (రోడ్డుని తాకే గీతల రబ్బరు) బాగానే ఉంది. ముందు రెండూ బయటి అంచు గుండులా నున్నగా ఉన్నాయి, లోపలి వైపు బటన్ ఇంకా ఉంది. మీరన్నట్టు రుద్దితే ఒకవైపు నున్నగా పోతోంది, వెనక్కి రుద్దితే రంపం పళ్ళలా గుచ్చుకుంటోంది.

లోడు 50 టిక్కీలు. టిక్కీ 45 కిలోలు ఉంటుంది. గాలి అంటారా, పంక్చర్ షాపు అబ్బాయి సుత్తితో కొట్టి చూసి నింపుతాడు.

ఆటోనగర్ బాబాయ్:

ఇంకేం, నీ టైర్లే మొత్తం చెప్పేశాయి.

ముందువాటికి బయటి అంచు అరగడం, రంపం పళ్ళు, రెండూ కలిపి చూస్తే అలైన్‌మెంట్ పోయిందని. చక్రాలు ముందు వైపు కొంచెం లోపలికి తిరిగి ఉన్నాయి. బండి తిన్నగా పోతున్నా టైరు మాత్రం అడ్డంగా ఈడ్చుకుంటూ పోతుంది. పెన్సిలుని షార్ప్‌నర్‌లో తిప్పినట్టే. అలైన్‌మెంట్ చేయించే ముందు టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కీళ్ళు), బేరింగులు లూజున్నాయేమో చూపించు. లూజు ఉంచుకుని అలైన్‌మెంట్ చేయిస్తే వారంలో మళ్ళీ మొదటికే.

వెనకదానికి రెండు అంచులు అరగడం గాలి తక్కువ, లోడు ఎక్కువ. గాలి ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. గాలి తక్కువతో లోడు మోస్తే చక్రం తిరిగిన ప్రతిసారీ గోడ నలుగుతుంది, నలిగే కొద్దీ వేడెక్కుతుంది. లోపలి చార, రాలే పొడి అదే. అది కాజాలో పగిలింది గానీ చావడం మొదలై చాలా రోజులైంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగదూ, అలాగే.

ఇక సుత్తితో గాలి చూడటం. లోడు టైరు గోడ గట్టిది. 40 ఉన్నా 60 ఉన్నా చప్పుడు ఒకలాగే వస్తుంది, నాకే తేడా తెలియదు. టైర్ల డబ్బులో ముందు ఒక మంచి గేజీ కొను.

లెక్కల మాస్టారు:

నేను బడిలో లెక్కలు చెప్తాను, మా తమ్ముడితో కలిసి ఒక పికప్ తిప్పుతున్నాం. 50 టిక్కీలు, 45 కిలోలు అంటే 2,250 కిలోలు. మీ బండి మోయాల్సింది 1,700. ఎక్కువైన 550 కిలోలు దాదాపు అంతా వెనక ఇరుసు మీదే పడుతుంది, అంటే ఒక్కో వెనక టైరు మీద ఇంచుమించు పావు టన్ను అదనం. 37 టిక్కీలకే మీ లెక్క సరిపోయింది. మిగిలిన 13 టిక్కీల కిరాయి టైర్ల ఖర్చులో పోతోంది. పైగా ఓవర్‌లోడు పట్టుబడితే 20 వేలు జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ 2 వేలు. అదనపు సరుకు దించితేగానీ బండి కదలనివ్వరు.

టైరు గోడ మీద సైజు పక్కనే లోడు ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. 108 అంటే ఒక టైరు 1,000 కిలోలు మోస్తుంది, 112 అంటే 1,120, 115 అంటే 1,215. అంకె తర్వాతి అక్షరం వేగానికి; ఎల్ అంటే గంటకి 120 కి.మీ. పాత టైరు మీది అంకె కంటే తక్కువది ఎట్టి పరిస్థితిలోనూ వేయించకండి. 12 పీఆర్ అంటే లోపల 12 పొరలున్నాయని కాదు. పాతకాలంలో 12 పొరల నూలు టైరుకి ఉండే బలం ఉందని అర్థం.

ధరను కూడా కిలోమీటరుకు లెక్క వేసి చూడండి. 9 వేల టైరు 45 వేలు నడిస్తే కిలోమీటరుకి 20 పైసలు. 6 వేల టైరు 20 వేలు నడిస్తే 30 పైసలు. లెక్క కోసం చెప్పిన ధరలివి, షాపులో అడిగిన అంకెలు వేసి చూసుకోండి.

పేరేచర్ల చిప్స్:

మాస్టారూ, లెక్కలు బాగానే ఉన్నాయి గానీ యార్డులో 37 టిక్కీలు వేస్తానంటే కిరాయి పక్క బండికి పోతుంది. ఆ సంగతి అలా ఉంచండి. నా ఓటు నైలాన్‌కి. క్రషర్ దగ్గర పదునైన రాయి తగిలితే రేడియల్ గోడ కోసుకుపోతుంది, నైలాన్ గోడ మందం. నా బండికి నాలుగూ నైలాన్, వెనక పెద్ద బటన్లవి. మూడేళ్ళయింది.

ఆటోనగర్ బాబాయ్:

నీకు అదే కరెక్టు. నువ్వు రోజుకి 40 కిలోమీటర్లు, అదీ కంకర మీద. ఆ అబ్బాయి హైవే మీద, ఎండలో, లోడుతో. నైలాన్ టైరులో పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటాయి, నడిచేకొద్దీ ఒరుసుకుని వేడెక్కుతాయి. రేడియల్‌లో బటన్ కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది, చల్లగా నడుస్తుంది, డీజిల్ కూడా కొంచెం కలిసొస్తుంది. ఏప్రిల్లో పల్నాడు ఎండలు నీకు చెప్పాలా. అందుకని తమ్ముడికి రేడియలే. ఒకే ఇరుసుకి ఒకటి నైలాన్, ఒకటి రేడియల్ మాత్రం ఎప్పుడూ వెయ్యకండి.

బటన్ సంగతి: ముందుకి చుట్టూ నిలువు గీతలుండే రిబ్. వెనకకి మధ్యలో గీతలు, అంచుల్లో బటన్లు ఉండే సెమీ లగ్. పూర్తి లగ్ వద్దు, హైవే మీద గోలా వేడీ రెండూ ఎక్కువ. ముందూ వెనకా వేరువేరు బటన్లు వేస్తే ముందువి వెనక్కి మార్చే వీలుండదు. ప్రతి 8–10 వేలకి కుడీ ఎడమా మార్చుకో చాలు, టైరు మీద బాణం గుర్తు లేకపోతేనే.

ట్యూబ్‌లెస్ మాటకొస్తే, బావమరిదిని డిస్కుల (టైరు కూర్చునే ఇనుప చక్రాల) డబ్బు కూడా ఇమ్మను. ట్యూబ్ టైరు డిస్కుకి ట్యూబ్‌లెస్ టైరు కూర్చోదు. టైరు అంచు జారకుండా పట్టే గట్టు డిస్కు లోపల ఉండాలి. ఉన్న డిస్కులు బాగుంటే ట్యూబ్ టైరే వేసుకో. కానీ పాత ట్యూబులు, ఫ్లాపులు (ట్యూబుకీ డిస్కుకీ మధ్య వేసే రబ్బరు పట్టీలు) మళ్ళీ ఎక్కించొద్దు. సాగిన ట్యూబు కొత్త టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే తెగుతుంది.

బెజవాడ కూరగాయలు:

బాబాయ్, ఇంతకీ కంపెనీ చెప్పలేదు!

ఆటోనగర్ బాబాయ్:

ఎమ్మారెఫ్, అపోలో, జేకే, సియట్... పేరున్నది ఏదైనా తీసుకోండి. అలైన్‌మెంట్ పోయిన బండికి ఏది వేసినా అరుగుతుంది. అపోలో వాళ్ళ ఫ్యాక్టరీ మన చినపండూరులోనే ఉంది, ఎమ్మారెఫ్‌ది సదాశివపేటలో ఉంది. మన దగ్గర దొరికే, క్లెయిమ్ వస్తే పలికే డీలరు ఎవరో చూసుకోండి. బిల్లు, వారంటీ కార్డు లేకుండా కొంటే క్లెయిమ్ అడగలేరు. క్లెయిమ్ కూడా తయారీ లోపానికే, మిగిలిన బటన్‌ని బట్టి లెక్కగడతారు. గాలి తక్కువతో నడిపి పగలగొట్టుకున్నదానికి పైసా రాదు, లోపలి చార చూడగానే వాళ్ళకి తెలిసిపోతుంది.

లెక్కల మాస్టారు:

రెండు చిన్న విషయాలు. గోడ మీద డాట్ అన్న అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 3523 అంటే 2023లో 35వ వారం తయారీ. అలాగే కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత స్టాకు అని పాత ధర చెప్తే బిల్లులో పన్ను శాతం చూడండి.

పేరేచర్ల చిప్స్:

పాతవాటికి రీట్రెడ్ చేయిస్తే సగం ఖర్చులో పోదా?

ఆటోనగర్ బాబాయ్:

గోడ బాగున్న టైరుకైతే వెనక చక్రాలకి పర్వాలేదు, ముందు చక్రాలకి వద్దు. ఈ అబ్బాయి వెనక టైరు గోడ నలిగిపోయి ఉంటుంది, దాని మీద కొత్త బటన్ అంటిస్తే పుచ్చిన దూలానికి రంగు వేసినట్టే.

నల్లపాడు పికప్ (ఐదు రోజుల తర్వాత):

నిన్న ఆటోనగర్ వెళ్ళొచ్చాను. బాబాయ్ చెప్పినట్టు ముందు బండి ఎత్తించాను. ముందు కుడి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకి కదిపితే టక్కు టక్కుమంది. టై రాడ్ ఎండ్ పోయింది. అది మార్చి, తర్వాత అలైన్‌మెంట్ చేయించాను.

కొత్త గేజీతో అక్కడికి వెళ్ళకముందే చూశాను. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికంటే వెనక కుడిదానిలో 18 తక్కువుంది. అదే అబ్బాయి మూడు రోజుల కింద సుత్తితో కొట్టి "ఫుల్లుంది అన్నా" అన్నాడు.

నాలుగూ రేడియల్, ముందు రిబ్, వెనక సెమీ లగ్. షాపులో మొదట చూపించిన జతలో ఒకదాని మీద 4125, ఇంకోదాని మీద 3523. రెండేళ్ళ పైబడినది వద్దంటే "ఏం కాదండీ, రబ్బరేగా" అన్నారు. నేను లేవబోయేసరికి లోపలి నుంచి ఇంకొకటి తెచ్చారు. ట్యూబులు, ఫ్లాపులు కొత్తవే. టిక్కీలు ఇక 40 దాటించను, అందులోనూ మూడు ఎక్కువేనని తెలుసు మాస్టారూ.

ఒక డౌటు. పొద్దున 60 పెట్టాను, మధ్యాహ్నం యార్డు దగ్గర చూస్తే 68 చూపించింది. కొంచెం వదిలెయ్యాలా?

లెక్కల మాస్టారు:

వద్దు, వద్దు. నడిచి వేడెక్కితే అంత పెరగడం మామూలే, టైరు దానికి తగ్గట్టే చేస్తారు. ఇప్పుడు వదిలితే రాత్రి చల్లారాక 52కి పడుతుంది, రేపు మళ్ళీ పాత కథే. ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. లోడు ఎక్కువైందని టైరు గోడ మీద రాసిన గరిష్ఠ అంకె దాటించడం కూడా వద్దు.

ఆటోనగర్ బాబాయ్:

మంచి పని చేశావు తమ్ముడూ. మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు నిదానంగా పో, కొత్త బటన్ సర్దుకోవాలి. గాడిలో అడ్డంగా చిన్న దిమ్మలుంటాయి, అరుగుదల గుర్తు అంటే అవే. బటన్ 1.6 మిల్లీమీటర్లకి వస్తే వాటితో సమానమవుతుంది, అప్పుడు చచ్చినట్టు మార్చాల్సిందే. మనకి వానలున్నప్పుడు 3 ఉండగానే మార్చుకుంటే మంచిది. చిప్స్ లోడుకి వెళ్ళొచ్చిన రోజు గాడిలో ఇరుక్కున్న రాళ్ళు స్క్రూడ్రైవర్‌తో తీసెయ్, ఉంచితే లోపలికి తొలుచుకుపోతాయి.

అన్నట్టు, టైర్లు మార్చాక ఎంత నడిచింది బండి?

నల్లపాడు పికప్:

110 అయింది బాబాయ్.

ఆటోనగర్ బాబాయ్:

చక్రాల నట్లు మళ్ళీ బిగించావా? వందకి ఒకసారి చూసుకోవాలి, కొత్తగా ఎక్కించినవి కొంచెం వదులవుతాయి.

నల్లపాడు పికప్:

లేదు. పానా బండిలోనే ఉంది, ఇప్పుడే దిగుతున్నా.