ఆర్థిక మాంద్యమా, మహమ్మారా: ప్రాంతాలను ఎక్కువ కుంగదీసేది ఏది?

లెక్కలబాబు: 2008నీ 2020నీ ఒకే గాటన కట్టకండి. 2008లో బ్యాంకులు కూలి అప్పు పుట్టక, ఇళ్ల నిర్మాణం మీద బతికిన ప్రాంతాలు ఏళ్ల తరబడి తేరుకోలేదు. స్పెయిన్‌లో 2013లో కూడా నిరుద్యోగం 26 శాతం. కోవిడ్‌లో మూశారు, మళ్లీ తెరిచారు, అంతే. అమెరికాలో 2020 ఏప్రిల్‌లో 14.7 శాతం ఉన్న నిరుద్యోగం 2021 చివరికి 4 లోపుకి దిగింది.

పాతకాపు: 14.8 అండీ.

లెక్కలబాబు: మొదట ప్రకటించింది 14.7, తర్వాత సవరించారు. దానివల్ల వాదన మారుతుందా?

రిసెప్షన్: "అంతే" అట! మా హోటల్ మూసేటప్పుడు యూనిఫాం, లాకర్ తాళం లెక్కపెట్టి మరీ తీసుకున్నారు, రావలసిన జీతం మాత్రం ఎగ్గొట్టారు. తెరిచాక నా సీట్లో కొత్తమ్మాయిని తక్కువ జీతానికి పెట్టుకున్నారు. మీ లెక్కలో ఆ ఉద్యోగం తిరిగొచ్చినట్టే కదా?

లెక్కలబాబు: బాధ అర్థమవుతుంది కానీ చర్చ ప్రాంతాల గురించి.

రిసెప్షన్: మేం లేకుండా ప్రాంతం ఏమిటి, మట్టా?

నీలిమ: ఇటలీలో రోగం ముందు విరుచుకుపడింది సంపన్నమైన లొంబార్డీ మీద. ఉపాధి మాత్రం కేసులు తక్కువున్న పర్యాటక ప్రాంతాల్లోనూ పోయింది. ఇక పశ్చిమాఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో ఎబోలా ఉండగానే ఇనుప ఖనిజం ధర పడిపోయి, 2015లో ఆర్థిక వ్యవస్థ దాదాపు ఐదో వంతు కుదించుకుపోయింది. అందులో రోగం వాటా ఎంత, ధర వాటా ఎంత, ఎవరు విడదీస్తారు?

పాతకాపు: రెండూ చెడ్డవే, వదిలేయండి.

లెక్కలబాబు: ఎందుకు వదలాలి? సియెర్రా లియోన్ మినహాయింపు. చాలాచోట్ల కోవిడ్ తర్వాత త్వరగా కోలుకున్నారా లేదా, ఒక్క ముక్కలో చెప్పండి.

నీలిమ: కోలుకున్నది రోగం మంచిదై కాదు మహానుభావా! 2010లో గ్రీస్‌కి అప్పిస్తూ ఖర్చులు కోసుకోమన్నారు. 2020లో అదే యూరోపియన్ యూనియన్ ఉమ్మడిగా అప్పు తెచ్చి 75,000 కోట్ల యూరోల నిధికి ఒప్పుకుంది. మీరు పోలుస్తున్నది సంక్షోభాలను కాదు, ప్రభుత్వాలు చేసిన ఖర్చును.

లెక్కలబాబు: సరే, ఖర్చే అనుకుందాం. ప్రాంతంలో వ్యాపారాలు మూతపడకుండా నిలిస్తేనే కదా జీతాలొచ్చేది? డబ్బు వాటికే వెళ్లాలి.

రిసెప్షన్: ఇప్పుడు బయటపడ్డారు. మా ఓనరుకి సాయం అందింది, నాకు జీతం రాలేదు. ఇవ్వదలిస్తే మనిషి ఖాతాలో వెయ్యండి.

లెక్కలబాబు: అలా పంచితే రేపు ఉద్యోగమిచ్చేవాడు మిగలడు.

రిసెప్షన్: ఓనరు మిగిలే ఉన్నాడు. ఉద్యోగమే లేదు నాకు.