సిరొంచలో ఇంకా తెల్లారలేదంటే అమ్మ నమ్మదు

ప్రశ్న:
పుట్టిల్లు ఒడిశాలో పర్లాకిమిడి, మెట్టినిల్లు మహారాష్ట్రలో సిరొంచ. పొద్దున్నే అమ్మ ఫోన్: "ఎండొచ్చేసింది, ఇంకా లేవలేదేటే?" ఇక్కడ కిటికీలో మసకే. టైము రెండుచోట్లా ఒకటే కదా?

జవాబు:
గడియారానికి ఒకటే. మన టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర వెళ్తుంది. పర్లాకిమిడి సుమారు 84, సిరొంచ 80. తూర్పుకి వెళ్లేకొద్దీ డిగ్రీకి 4 నిమిషాలు ముందు తెల్లారుతుంది, మొత్తం పావుగంట పైనే. అక్షాంశం దాదాపు ఒకటే కాబట్టి ఏడాదంతా ఇంతే తేడా.

జవాబు:
బోర్డులు అక్కడ ఒడియా, ఇక్కడ మరాఠీ. ఇళ్లలో తెలుగే.

అడిగినామె:
తెలుగే గానీ, నేను "ఏటి" అంటే మా ఆడపడుచు పడీపడీ నవ్వుతుంది! సాయంత్రం అమ్మ దీపం పెట్టేసరికి నేనింకా వెలుతుర్లో దండెం మీద బట్టలు తీస్తుంటాను.